కెమెరా ఆగిన చోట

ఈ ఉదయం ఉగ్గాని కోసం నానబెట్టిన బొరుగులు పిండుతుండగా ఫోను మోగింది. తడిచేత్తోనే స్పీకరు నొక్కాను. పొయ్యి మీద పచ్చిమిరపకాయల పోపు చిటపటలాడుతోంది. ఆ చప్పుడును మించి, మొన్న మా ఆసుపత్రికి వచ్చి వెళ్లిన డోన్ పెద్దాయన గొంతు వినిపించింది. "మేడం, పడిపోయింది. నా కండ్లతో చూసినా. మీరు చూపించినట్లే ఉండాది, చిన్నగా, నున్నగా." గడప దగ్గర ఉల్లిపాయలు తరుగుతున్న మా అత్త మొహం చిట్లించింది. మా ఆయన ప్లేటు పట్టుకుని నవ్వుతూ పక్క గదిలోకి వెళ్లిపోయాడు. నేను మాత్రం మనస్ఫూర్తిగానే అన్నాను, "చాలా సంతోషం పెద్దాయనా" అని. ఘాటుకు కళ్లు మండుతున్నాయి. ఇలాంటి కబురు విన్న ప్రతిసారీ నాకు ఎస్తేరు సిస్టర్ గుర్తొస్తుంది. మన ఉద్యోగంలో మంచి కబురు ఎప్పుడూ మరుగుదొడ్డి నుంచే వస్తుంది, ముక్కు మూసుకోకుండా వినాల అని నాకు మొదటి వారంలోనే చెప్పిన మనిషి ఆమె.

నేను నంద్యాలలో ఒక ఆసుపత్రిలో, కడుపు జబ్బుల విభాగంలో టెక్నీషియన్‌ని. నోటి నుంచి, కింది నుంచి గొట్టం వేసి చూసినా దొరకని జబ్బు చిన్నపేగులో ఉందేమోనని అనుమానం వస్తే, మాత్రంత కెమెరాను రోగి చేత మింగిస్తాం. అది దీపం వెలిగించుకుంటూ, ఫొటోలు తీస్తూ పేగుల వెంట సాగిపోతుంది. నడుముకు కట్టిన పెట్టె ఆ ఫొటోలన్నీ పట్టుకుంటుంది. సాయంత్రానికి పెట్టె మాకు తిరిగొస్తుంది. కెమెరా ఒకటి రెండు రోజుల్లో, కొందరికి ఇంకొన్ని రోజులు పట్టి, మలంతో పాటు బయటికి వెళ్లిపోతుంది. వెళ్లిపోవాలి. పేగు ఎక్కడైనా సన్నబడి ఉంటే మాత్రం అక్కడే చిక్కుకుంటుంది. నూటికి ఏ ఒకరిద్దరికో అలా అవుతుందని మాకు క్లాసులో చెప్పారు. ఆ ఒకరికి ఇల్లు ఉంటుందని, పేరు ఉంటుందని, సగంలో ఆగిపోయిన పని ఉంటుందని క్లాసులో ఎవరూ చెప్పలేదు.

పదేళ్ల కిందట నేను ఆ ఆసుపత్రిలో చేరినప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మా అబ్బా, అంటే మా నాన్న, నంద్యాల బజారులో గాజుల అంగడి నడిపేవాడు. ఇంట్లో మొదట ఉద్యోగం చేసింది నేనే కాబట్టి కాస్త గర్వం కూడా ఉండేది. గొట్టాలు వేసి చూసే ఎండోస్కోపీ గదికి పెద్ద ఎస్తేరు సిస్టర్. మిడుతూరు దగ్గర సేద్యం చేసే క్రైస్తవ కుటుంబం ఆమెది. యాభై దాటినా నడక చాలా చురుకు. పొట్టి మనిషి, బల్ల అందక స్టూలు వేసుకుని నిలబడేది. శనగ విత్తే రోజుల్లో తప్పకుండా సెలవు పెట్టి పొలానికి వెళ్లేది. తిరిగొచ్చాక ఆ చేతులకు గ్లవ్స్ సరిగా ఎక్కేవి కావు, వేళ్లు అంత కరుకుదేలి ఉండేవి. ప్రతి ఆదివారం చర్చికి, ప్రతి సోమవారం మమ్మల్ని తిట్టడానికి అని నర్సులు వెనకాల అనుకునేవారు. నిజానికి ఆమె తిట్టడం నేను పెద్దగా చూడలేదు. ఒక్క ప్రశ్న వేసి ఊరుకునేది. తిట్టినా బాగుండేదే అనిపించేది.

నేను చేరిన రెండో రోజు ఒక ముసలాయనకు కెమెరా మాత్ర ఇవ్వాలి. ట్రే సిద్ధం చేశాను. సిస్టర్ మాత్ర జోలికి పోకుండా ఆయన చేతికి అరగ్లాసు నీళ్లిచ్చి, స్టూలు దగ్గరకు జరుపుకుని, ఆయన గొంతు వైపే చూస్తూ కూర్చుంది. "తాగుప్పా. నిదానంగా." ఆయన తాగాడు. "ఇంకొంచెం." మళ్లీ తాగాడు. దగ్గు రాలేదు, పొలమారలేదు. అప్పుడు నా వైపు తిరిగి "ఇప్పుడియ్యి" అంది. ఇంత చిన్న పనికి ఇంతసేపా అనుకున్నాను. బయట కుర్చీల్లో ఇంకా ఆరుగురు కూర్చుని ఉన్నారు.

ఆ మధ్యాహ్నం నేను నింపిన ఫారాలు ఆమె చేతిలో పెట్టాను. అన్ని గడులూ నిండి ఉన్నాయి, నా అక్షరాలు కూడా ముత్యాల్లా ఉంటాయి. మెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె కాగితాలు తిరగేసి అడిగింది.

"ఏం పాపా, అడిగినావా, నింపినావా?"

"అడిగే నింపినా సిస్టర్."

"ఎట్ల అడిగినావు?"

"మందులేమైనా వాడతారా అని."

ఆమె నన్ను హాల్లోకి తీసుకెళ్లింది. నేను "మందులు లేవు" అని రాసిన ఒక ముసలమ్మ పక్కన కూర్చుని, ఎక్కడి నుంచి వచ్చింది, బస్సు దొరికిందా, కోడలు బాగా చూసుకుంటుందా అని మాట్లాడి, మోకాళ్ల దాకా వచ్చింది. "మోకాలు లాగినప్పుడు ఏం చేస్తావమ్మా?" అని అడిగింది. ముసలమ్మ కొంగుముడి విప్పి రెండు మాత్రలు చూపించింది. అవి మందులని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. మందులంటే డాక్టరు రాసిచ్చేవి, ఇవి అంగట్లో తెచ్చుకునేవి. సిస్టర్ తిరిగొస్తూ, నాతో కాక తనలో తాను అనుకున్నట్టుగా అంది: "మనం అడిగేది వాళ్ల మాటలో అడగాల. కాగితం మాటలో అడిగితే కాగితమే బదులిస్తాది."

ఆ మాట నాకు అర్థమైందనుకున్నాను. అర్థం కావడానికి నాకింకా కొన్ని నెలలు పట్టింది, మరొకరి కడుపు కోయాల్సి వచ్చింది.

శనగ విత్తే రోజులు వచ్చాయి, సిస్టర్ సెలవు మీద ఊరికి వెళ్లింది. ఆ వారంలోనే ఆళ్లగడ్డ నుంచి నాగలింగాచారి వచ్చాడు. రాతి శిల్పి. యాభై రెండేళ్లు, ఎత్తయిన మనిషి, జుట్టులో ఎంత దులిపినా పోని రాతిపొడి. గోళ్లు మాత్రం పాలిపోయి సున్నంలా ఉన్నాయి. ఆరు నెలలుగా ఒంట్లో రక్తం తగ్గిపోతోంది. రెండుసార్లు ఎక్కించారు, మళ్లీ తగ్గింది. పైనుంచి, కింది నుంచి గొట్టాలు వేసి చూస్తే ఏమీ కనిపించలేదు. పెద్ద డాక్టరుగారు కెమెరా పరీక్ష రాశారు. ఆ పొద్దున చాలామంది ఉన్నారు, నేనొక్కదాన్నే ఉన్నాను. నిలబడే అడిగాను.

"రోజూ వాడే మందులేమైనా ఉన్నాయా?"

"ఏం లేవమ్మా. షుగర్ లేదు, బీపీ లేదు."

"కడుపుకు ఆపరేషన్ ఏదైనా?"

"లేదు."

టిక్కులు పెట్టేశాను. మాట్లాడుతున్నంతసేపూ ఆయన ఎడమ చెయ్యి కుడి భుజాన్ని పిసుక్కుంటూనే ఉంది. అది నా కళ్లకు కనిపించింది, ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ రోజు మాత్రం దాని గురించి అడగాలని తోచలేదు. బెల్టు కట్టాను, మాత్ర ఇచ్చాను. కెమెరా బయటికి వచ్చేదాకా ఎమ్మారై స్కాన్ తీయించుకోకూడదు, వాంతులైనా కడుపు ఉబ్బినా వెంటనే రావాలి అని రాసి ఉన్న కాగితాన్ని గబగబా చదివి, మడతపెట్టి ఆయన జేబులో పెట్టాను.

మరుసటి రోజు డాక్టరుగారు ఫొటోలు చూస్తూ నన్ను పిలిచారు. చిన్నపేగు చివరి భాగంలో ఎర్రటి పుళ్లు ఉన్నాయి. వాటిని దాటాక పేగు ఉంగరంలా సన్నబడి ఉంది. అక్కడి నుంచి బ్యాటరీ అయిపోయేదాకా గంటల తరబడి ఒకటే బొమ్మ. కెమెరా ఆ ఉంగరం ముందు ఆగిపోయింది. "చాలామందికి తర్వాత నిదానంగా జారిపోతుంది. రెండు వారాలు చూద్దాం. రోజూ ఫోన్ చెయ్యి" అన్నారు. తర్వాత నా ఫారం చూస్తూ, "నొప్పి మాత్రలు ఎక్కువ వాడినవాళ్లకు ఇలా ఉంటుంది. ఈయన ఏమీ వాడలేదని ఉంది కదా. అయితే పేగు టీబీ ఏమో చూడాలి" అన్నారు. ఆయన చూస్తున్నది నేను పెట్టిన టిక్కును. నాకు అప్పటికి అనుమానం కూడా రాలేదు.

రోజూ ఫోన్ చేశాను. "ఇంకా లేదమ్మా" అనేవాడు ఆచారి, ముక్తసరిగా. ఐదో రోజు "పడిపోయిందిలేమ్మా" అన్నాడు. నాకు గుండెల మీది బరువు దిగినట్టయింది. గోడ మీది క్యాలెండర్‌లో ఆ తేదీకి సున్నా చుట్టి, కింద "వచ్చింది" అని రాశాను. పేగు పుళ్లకు మందులిచ్చి, మళ్లీ రమ్మన్న రోజు చెప్పాం.

తొమ్మిదో రోజు సిస్టర్ పొలం నుంచి తిరిగొచ్చింది. చీర మార్చుకోగానే తను లేనప్పుడు వచ్చినవాళ్ల ఫొటోలన్నీ చూడటం ఆమెకు అలవాటు. ఆచారి ఫొటోల దగ్గర ఆగిపోయింది. క్యాలెండర్ చూసింది.

"ఈయనకు వచ్చిందని ఎవరు చెప్పినారు?"

"ఆయనే చెప్పినాడు సిస్టర్, ఫోన్‌లో."

"చూసినాడంటనా, వచ్చింటాదిలే అనుకున్నాడా?"

అది నేను అడగలేదు. ఆమె నా పక్కనే నిలబడి ఆచారి నంబరుకు ఫోన్ చేయించింది. ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేశాను, మళ్లీ ఎత్తలేదు. "ఫోన్‌లో సిగ్గుపడతారు పాపా. మొగం చూసి అడగాల. పోదాం పా" అంది. డాక్టరుగారికి చెప్పి ఇద్దరం ఆళ్లగడ్డ బస్సెక్కాం.

బస్సులో నాకు ఏడుపొచ్చింది. కిటికీ వైపు తిరిగి దాచుకున్నాను కానీ ఆమెకు తెలిసిపోయింది. ఓదార్చలేదు. తన సంగతి చెప్పింది. ఈ కెమెరాలు కొత్తగా వచ్చిన రోజుల్లో పగిడ్యాల నుంచి ఒక ముసలాయన వచ్చాడట. మాటల మధ్య దగ్గుతూ ఉన్నాడు, నీళ్లు తాగినా దగ్గాడు. ఆమె చూసీ పట్టించుకోలేదు. మాత్ర నోట్లో వేసుకోగానే అది కడుపులోకి పోకుండా గాలిగొట్టంలోకి పోయింది. మనిషి నీలంగా మారిపోయాడు. "ముందుకు వంచి వీపు మీద గుద్దుతానే ఉన్నా. ఎట్లనో దగ్గినాడు, అది ఎగిరి నేల మీద పడింది. ఆ పొద్దు నా చేతిలో ఏమీ లేదు పాపా, దేవుడు కాపాడినాడు. డాక్టరు అడిగినాడు ఏమైందని. తప్పు నాదని చెప్పినా. చెప్పినాక కాళ్లు వణికినాయి, కానీ చెప్పకముందు వణికినంత కాదు." అప్పుడు తెలిసింది నాకు, ఆమె అరగ్లాసు నీళ్లతో అంతసేపు ఎందుకు కూర్చుంటుందో.

ఆళ్లగడ్డలో దిగగానే రాతి పనుల చప్పుడు చెవుల్లో నిండిపోయింది. రోడ్డు పొడవునా షెడ్లు, ప్రతి షెడ్డులో నలుగురైదుగురు ఉలులతో. ఆచారి షెడ్డు ముందు రెండు ఏనుగులు ఉన్నాయి. ఒకటి పూర్తయింది, తొండం మీది ముడతలు తాకితే మెత్తగా ఉంటాయేమో అనిపించేంత నిజంగా ఉన్నాయి. రెండోది మెడ దాకా వచ్చి ఆగిపోయింది. తొండం ఉండాల్సిన చోట చదరపు బండ అలాగే ఉంది. ఆయన భార్య సుబ్బలక్ష్మమ్మ మమ్మల్ని చూసి కంగారుగా లేచింది. సిస్టర్ ఏ కంగారూ లేకుండా అక్కడి రాతి దిమ్మె మీద కూర్చుని మంచినీళ్లు అడిగి, ఏనుగులు చూసి, ఎన్నాళ్ల నుంచి చేస్తున్నారో అడిగి, చివరికి భుజం దగ్గరికి వచ్చింది.

"ఇంత పని చేస్తే చేయి లాగదా అమ్మా? లాగితే ఏం చేస్తాడు?"

"మాత్ర ఏసుకుంటాడు. పొద్దునొకటి, మాపొకటి. అది లేకుంటే ఉలి పట్టలేడు."

"ఎన్నాళ్లాయె?"

"ఆరేడేండ్లాయె." ఆమె లోపలికి వెళ్లి బిస్కెట్ల డబ్బా తెచ్చి మూత తీసింది. నిండా నొప్పి మాత్రల అట్టలు, ఖాళీవి, సగం వాడినవి.

"ఇవి వాడతాడని మాకు చెప్పలేదే" అన్నాను.

"ఇవి మందులేందిమ్మా, నొప్పి మాత్రలు కదా" అంది ఆమె.

సిస్టర్ ఆమె చెయ్యి పట్టుకుంది. "అది పడింది మీరు చూసినారా?" సుబ్బలక్ష్మమ్మ తల దించుకుంది. "యాడ చూసినాడు. దినమూ ఈ పాప ఫోన్ చేస్తాంది, ఆడపిల్లతో ఈ మాటలేంది అని పడిందని చెప్పేసినాడు."

"ఇప్పుడు యాడికి పోయినాడు?"

"నంద్యాలకే. భుజానికి ఎముకల డాక్టరు దగ్గరికి. మెడకు పెద్ద స్కాన్ తీయల్లంట, సొరంగం మాదిరి ఉంటాదంట. ఫోను ఈడే పెట్టి పోయినాడు, ఈ సద్దులో మోగినా నాకు వినపడలేదు."

సొరంగం మాదిరి ఉండేది ఎమ్మారై. అది పెద్ద అయస్కాంతం. కడుపులో లోహపు ముక్క ఉన్న మనిషిని అందులోకి పంపితే అది కదులుతుంది, లాగబడుతుంది; పుండుపడి ఉన్న పేగు చిరిగిపోవచ్చు. నేను మా ఆసుపత్రికి ఫోన్ చేసి నంద్యాలలోని స్కానింగ్ సెంటర్ల నంబర్లు అడిగాను. ఉలుల మోతలో ఒక్క అంకె వినబడలేదు. సిస్టర్ షెడ్డు బయటికి వచ్చి, రోడ్డు పక్కన నిలబడి రెండు చేతులూ పైకెత్తింది. ముందు మా షెడ్డులో ఉలులు ఆగాయి. తర్వాత పక్క షెడ్డులో. ఒక్కొక్కరూ తలెత్తి ఆ పొట్టి మనిషిని చూసి చేతులు ఆపేశారు. ఆ వరుసంతా నిశ్శబ్దమైపోయింది. ఆళ్లగడ్డలో పగటిపూట అంత నిశ్శబ్దం నేను మళ్లీ ఎప్పుడూ వినలేదు.

మొదటి సెంటర్లో ఆ పేరు లేదన్నారు. రెండో చోటా లేదు. మూడో చోట ఒకతను "నాగలింగాచారినా? ఉండాడు. బట్టలు మార్చుకుంటాండాడు" అన్నాడు. సిస్టర్ నా చేతిలోంచి ఫోను తీసుకుంది.

"లోపలికి పంపొద్దప్పా. ఆయన కడుపులో కెమెరా ఉండాది. మేము మింగించినదే."

"అడిగినాం మేడం. ఒంట్లో ఇనుము ఏం లేదన్నాడు."

"మేమూ అడిగినాం, మాకూ లేదన్నాడు. ఇప్పుడు ఆపు. ఆయన్ని ఫోన్ కాడికి పిలువు."

ఆచారి గొంతు వినిపించింది. "ఏందమ్మా, పడిందని చెప్పినా కదా."

"చూసినావా?"

"లేదు."

"నీ తప్పు కాదప్పా. ఆడే కూర్చో. సొరంగంలోకి పోవద్దు. మేము బేగా వస్తాం."

ఆమె ఫోను నాకిచ్చి, ఇక కానివ్వండన్నట్టు షెడ్ల వైపు తలూపింది. సుబ్బలక్ష్మమ్మ ఏనుగు కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చింది. ఆ తర్వాతే ఉలుల చప్పుడు మళ్లీ మొదలైంది.

ఆ సాయంత్రం తీసిన ఎక్స్-రేలో కెమెరా కనిపించింది, పొత్తికడుపులో కుడివైపు, తెల్లగా, చింతగింజంత. మరుసటి రోజు డాక్టరుగారి గదిలో ఆచారి దంపతులకు సంగతి చెప్పాలి. లోపలికి వెళ్లేముందు మేనేజరు మమ్మల్ని ఆపి, ఇలాంటివి ఈ పరీక్షలో జరుగుతుంటాయి, ఆయన ముందే కాగితం మీద సంతకం పెట్టాడు, అంతవరకు చెబితే చాలు అన్నాడు. సిస్టర్ నెమ్మదిగానే బదులిచ్చింది. "సంతకం ఆయనది. అడగడం మనది. మనం సరిగ్గా అడగలేదు." తర్వాత నా వైపు తిరిగి, "నువ్వే చెప్పు పాపా. నేను పక్కనుంటా" అంది.

లోపల సుబ్బలక్ష్మమ్మ అప్పటికే నిలదీస్తోంది. "మీరే మింగించినారు, ఇప్పుడు మీరే కోస్తామంటాండారు. ఏందీ న్యాయం?" నేను ముందుకొచ్చాను. ఆ రోజు తొందరలో ఉన్నానని, నొప్పికి ఏం వాడతావని అడగలేదని, అడిగి ఉంటే ఈ కెమెరా ఇచ్చేముందు ఇంకో జాగ్రత్త తీసుకునేవాళ్లమని చెప్పాను. కెమెరా ఆకారంలోనే ఉండి, ఎక్కడైనా ఇరుక్కుంటే దానంతటదే కరిగిపోయే ఉత్త మాత్ర ఒకటి ఉంటుందని, దాన్ని ముందుగా మింగించి దారి ఉందో లేదో చూడాల్సిందని చెప్పాను. "తప్పు నాది" అన్నాను. నా భుజానికి ఆనుకుని సిస్టర్ భుజం ఉంది.

ఆచారి తన చేతుల వంక చూసుకున్నాడు. "రాయి తెచ్చినాక ముందు కొట్టి ఇనల్ల" అన్నాడు. "లోపల పగులుంటే సద్దు మారతాది. ఒకసారి తొందరలో ఇనకుండా ఉలి పెట్టినా. మొగమంతా చెక్కినాక రెండు ముక్కలాయె. పని ఇచ్చినాయనతో రాయే మంచిది కాదని చెప్పినా. నువ్వు నయం పాపా, నీ తప్పని చెప్పినావు." అని డాక్టరుగారి వైపు తిరిగి, "కోయండి సార్. నాకు ఇంకో ఏనుగు ఉండాది" అన్నాడు.

డాక్టరుగారు మాత్రలు ఆపించారు. మాత్రలు మానేసి కొన్ని వారాలు ఆగి చూసే దారి కూడా ఉందని చెప్పారు కానీ, రక్తం ఇంకా పోతూనే ఉంది. రక్తం ఎక్కించి నాలుగో రోజు ఆపరేషన్ చేశారు. సర్జన్‌గారు బయటికి వచ్చి మాస్కు దించి చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ మాటకు మాట గుర్తున్నాయి. పేగు బయటి నుంచి చూస్తే ఎక్కడా తేడా తెలియలేదట. లోపలి ఉంగరం కాగితమంత పలచన. వేళ్లతో తడుముతూ పోతే కెమెరా గట్టిగా తగిలిందట, దాని ముందే ఆ ఉంగరం. "అది అక్కడ కూర్చుని ఉండకపోతే నేను ఎక్కడ కోయాలో తెలిసేది కాదు" అన్నారాయన. జానెడు పేగు తీసి కుట్టేశారు. ఆ ముక్కలోనే పుళ్లు, ఉంగరం, కెమెరా మూడూ ఉన్నాయి. పరీక్షకు పంపితే టీబీ లేదని వచ్చింది. అవసరం లేకుండా నెలల తరబడి టీబీ మందులు మింగే బాధ తప్పింది. నా తప్పు ఒప్పుగా మారిపోయిందని నేను అనుకోలేదు. కానీ మనిషి బతికాడు, జబ్బు దొరికింది, రక్తం పోవడం ఆగింది. ఆ రోజు సిస్టర్ క్యాంటీన్లో అందరికీ మైసూరు బజ్జీలు తెప్పించింది. నేను చేరాక ఆమె అలా చేయడం అదే మొదలు.

మూడు నెలల తర్వాత ఆచారి తనిఖీకి వచ్చాడు. గోళ్లు ఎర్రబడ్డాయి. భుజానికి వ్యాయామం, కాపడం చేయించుకుంటున్నాడు. మాత్రల డబ్బాలో ఇప్పుడు తన భార్య బెల్లం పోసిందని చెప్పాడు. ఇంకొన్నాళ్లకు ఫోను వచ్చింది, ఆదివారం ఏనుగులను లారీకి ఎక్కిస్తున్నాం, ఇద్దరూ రావాలని. సిస్టర్ చర్చి ముగిశాక నేరుగా బస్టాండుకు వచ్చింది, తెల్లచీరలో. మేం వెళ్లేసరికి క్రేను గొలుసులు బిగిస్తున్నారు. రెండో ఏనుగు తొండం పైకెత్తి ఉంది. మొదటిదాని తొండం కిందికి ఉంటే దీనిది పైకెందుకని అడిగాను.

"మొదట రెండూ ఒకటే మాదిరి చేయల్లనుకున్నా. మంచం మీంచి లేచినాక చేయి పైకే పోయింది" అన్నాడు ఆచారి. తీసుకెళ్లేవాళ్లు కూడా ఇదే బాగుందన్నారట.

ఏనుగు గాల్లోకి లేచినప్పుడు షెడ్లలోని వాళ్లందరూ రోడ్డు మీదికొచ్చి నిలబడ్డారు. ఒకతను సిస్టర్‌ను గుర్తుపట్టి, "చేతులెత్తిన అమ్మ" అని పక్కవాడికి చూపించాడు. ఆమె సిగ్గుపడి కొంగు సర్దుకుంది. తర్వాత, నేను ఎప్పుడూ చూడని విధంగా, నోరారా నవ్వింది. లారీ కదిలి మలుపు తిరిగేదాకా ముగ్గురం ఆ దుమ్ములోనే నిలబడి చూశాం. అంత సంతోషం నాకు నా పెళ్లిలో కూడా కలగలేదని చెబితే మా ఆయన ఇప్పటికీ ఒప్పుకోడు.

సిస్టర్ రిటైరై ఆరేళ్లయింది. మిడుతూరు దగ్గర తన పొలంలో, తమ్ముడి కొడుకులతో కలిసి శనగ, జొన్న పండిస్తోంది. అప్పుడప్పుడూ ఫోన్ చేస్తే వానల గురించి మాట్లాడుతుంది, ఆసుపత్రి గురించి అడగదు. ఆ గదికి ఇప్పుడు పెద్దని నేనే. కెమెరా మారింది, ఫొటోలు బాగా వస్తున్నాయి, చదివే పద్ధతి మారింది. మింగేది మనిషే, ఆ మనిషి మారలేదు. కొత్తగా ఎవరు చేరినా మొదటి రోజు పని చెప్పను. ఆచారి సంగతి చెబుతాను, నా పేరుతో, నా టిక్కుతో సహా. వాళ్లు ఇబ్బందిగా కదులుతారు. పెద్దవాళ్లు తమ తప్పు ఇలా చెప్పుకోవడం వాళ్లకు అలవాటు ఉండదు.

పోయిన నెలలో కావ్య అనే అమ్మాయి, చేరి ఇంకా నలభై రోజులు కాలేదు, డాక్టరుగారి ముందే నా దగ్గరికి వచ్చింది. బెల్టు కట్టడం అయిపోయింది, మాత్ర ట్రేలో ఉంది, పెద్దామె బల్ల మీద కూర్చుని ఉంది.

"మేడం, కడుపుకు ఆపరేషన్ లేదని రాసినా. నేను అడగలేదు, తొందరలో రాసేసినా. ఇప్పుడు బెల్టు కడతాంటే పాత కుట్లు కనబడినాయి. తప్పు నాది. మాత్ర ఇయ్యలేదు."

డాక్టరుగారు తలెత్తి చూశారు. నేను ట్రే పక్కకు జరిపించాను. ఆ పెద్దామెకు ముందు కరిగే మాత్ర ఇచ్చాం. అది చెక్కుచెదరకుండా బయటికి వచ్చింది, దారి బాగుందని తేలింది. ఆ తర్వాతి వారం కెమెరా ఇచ్చాం, అదీ సుఖంగా బయటపడింది. కానీ నాకు గుర్తుండిపోయింది ఆ ఫలితం కాదు. అందరి ముందు "తప్పు నాది" అని చెబుతున్నప్పుడు ఆ పిల్ల గొంతు వణకలేదు. ఆ పిల్ల ఎస్తేరు సిస్టర్‌ను ఎన్నడూ చూడలేదు.